ఫర్నెస్ జనవరిలోనే ఆగిపోతుంది

ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నెస్ జూన్‌లో పాడవదు. ఏడాది మొత్తంలో అది ఎక్కువ గంటలు మండేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. ఆగిపోయేదీ చాలావరకు అప్పుడే. అమెరికాలో ఎడిసన్‌లోనో, షికాగో శివార్లలోనో ఉంటున్న మనవాళ్ళ ఇళ్ళలో ఇది మామూలుగా జరిగే సంగతి. బయట సున్నాకి దిగువన ఏడెనిమిది డిగ్రీలు. లోపల చంటిపిల్ల, మొన్ననే విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్న. మెకానిక్ బేస్‌మెంట్‌లోకి దిగి చూసి, లోపల రేకు పగిలింది, ఇక వెలిగించకూడదంటాడు. అదే సైజు కొత్త ఫర్నెస్ రేపు సాయంత్రానికల్లా బిగిస్తానంటాడు. హీట్ పంప్ సంగతి అడిగితే, దానికి ఇంటి లెక్క వెయ్యాలి, కరెంటు ప్యానెల్ చాలుతుందో లేదో చూడాలి, రెండు మూడు వారాలు పడుతుందంటాడు. ఆ పరిస్థితిలో ఎవరున్నా ఫర్నెస్‌కే ఒప్పుకుంటారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ రాత్రి ఒప్పుకున్న పెట్టె పదిహేను నుంచి ఇరవై ఏళ్ళు మండుతుంది. 2026 జనవరిలో బిగించినది 2044 దాకా ఉంటుందనుకుంటే పద్దెనిమిది చలికాలాలు. ఆ పద్దెనిమిదింటికీ లెక్క వేద్దాం.

ముందు ఫర్నెస్. మూత తీస్తే వరసగా బర్నర్లు, నీలి మంట కనిపిస్తాయి. ఆ మంట వంకర్లు తిరిగిన ఉక్కు గొట్టాల లోపలికి పోతుంది. గొట్టాల బయటి నుంచి బ్లోయర్ తోసే గాలి వేడెక్కి, డక్టుల గుండా గదుల్లోకి వెళ్తుంది. మంట పొగ, గదుల గాలి ఎక్కడా కలవవు. రెంటినీ విడదీసేది పలచని ఉక్కు రేకు. వేలసార్లు వేడెక్కి చల్లారిన ఆ రేకు చివరికి పగులుతుంది. పగిలితే కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి రావచ్చు. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా ఈ వాయువు బారిన పడి అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాల లెక్క. జనరేటర్లు, గ్యారేజీలో నడిచే కార్లు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఫర్నెస్ కారణాల్లో ఒకటి. ఇక సామర్థ్యం సంగతి. పాత ఫర్నెస్ గ్యాస్‌లోని శక్తిలో 80 శాతం ఇంటికి ఇస్తుంది, మిగతాది పొగగొట్టం పాలు. కొత్తగా వచ్చిన కండెన్సింగ్ రకం పొగలోని నీటి ఆవిరిని కూడా నీరుగా మార్చి ఆ వేడిని రాబట్టుకుంటుంది కనుక 95 నుంచి 98 శాతం దాకా పోతుంది. ఆపైన మెరుగుపడడానికి చోటు లేదు. మండించే యంత్రం నూటికి నూరు దాటదు.

హీట్ పంప్ వేడిని పుట్టించదు, మోస్తుంది. మన ఇళ్ళలో స్ప్లిట్ ఏసీ గదిలోని వేడిని తీసుకెళ్ళి బయటి పెట్టె దగ్గర వదులుతుంది. ఒక మళ్ళింపు వాల్వు పెట్టి ఆ ప్రవాహాన్ని తిప్పేస్తే బయటి వేడి లోపలికి వస్తుంది. మైనస్ 10 డిగ్రీల గాలిలో వేడి ఎక్కడిదన్న అనుమానం సహజం. గాలిలో ఉష్ణశక్తి పూర్తిగా లేకుండా పోయేది మైనస్ 273 దగ్గర; మైనస్ 10 దానికి చాలా పైన. ఆ గాలి కన్నా ఇంకా చల్లగా, మైనస్ 18 దగ్గర మరిగే ద్రవాన్ని బయటి గొట్టాల చుట్టలో తిప్పితే, చలిగాలి నుంచే వేడి అందులోకి చేరుతుంది. అలా ఆవిరైన దాన్ని కంప్రెసర్ గట్టిగా నొక్కుతుంది, ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిని ఇంట్లో వదిలిపెడుతుంది. ఎత్తిపోతల పథకంలో నీటికి ఎత్తు ఎలాంటిదో ఇక్కడ వేడికి ఉష్ణోగ్రతల తేడా అలాంటిది. ఎత్తు పెరిగేకొద్దీ అదే కరెంటుకి తక్కువ నీళ్ళు పడతాయి.

ఎంత తక్కువ? ఖర్చయిన ఒక్కో యూనిట్ కరెంటుకి ఇంట్లోకి ఎన్ని యూనిట్ల వేడి చేరిందో చెప్పే సంఖ్యను ఇంజినీర్లు సీఓపీ అంటారు. ఇక్కడ రాబడి నిష్పత్తి అందాం. దీని పైహద్దును 1824లో ఫ్రెంచి ఇంజినీరు సాదీ కార్నో చేసిన ఆలోచన నుంచి లెక్కించవచ్చు. ఇంట్లో 40 డిగ్రీల గాలి కావాలి, బయట 7 డిగ్రీలు ఉంది అంటే ఆ హద్దు 9.5. బయట మైనస్ 15 అయితే 5.7. అసలు యంత్రాలు ఈ హద్దులో మూడోవంతు, మహా అయితే కాస్త ఎక్కువ అందుకుంటాయి. అంటే 7 డిగ్రీల దగ్గర మూడున్నర, మైనస్ 15 దగ్గర రెండు. చలి ముదిరి వేడి ఎక్కువ కావలసిన రోజునే రాబడి తగ్గుతుంది. ఇది ఏ కంపెనీ యంత్రానికైనా తప్పదు.

అయినా సీజన్ మొత్తం మీద సగటు బాగానే ఉంటుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పాత ఇళ్ళలో బిగించిన పంపులకు మీటర్లు పెట్టి కొలిచి, 2020లో ప్రకటించిన ఫలితాల్లో బయటి గాలి నుంచి వేడి లాగే రకానికి సగటు రాబడి 3.1 వచ్చింది. సగటు కన్నా ఆ ఫలితాల్లోని విస్తృతి ముఖ్యం: ఒక ఇంట్లో 2.5, ఇంకో ఇంట్లో 3.8. దేశం ఒకటే, యంత్రాల జాతి ఒకటే. ఇంత తేడాకు మూలం ఎక్కువగా ఇంటికీ పంపుకీ కుదిరిన పొత్తులో, బిగించిన తీరులో, సెట్టింగుల్లో ఉంటుంది. నా ఆందోళన ఇక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఇంటి వైపు నుంచి చూద్దాం. న్యూజెర్సీలోని న్యూవార్క్ ప్రాంతంలో హీటింగ్ యంత్రాల సైజు లెక్కకు తీసుకునే బయటి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 10. ఆ రోజున లోపల 21 డిగ్రీలు నిలబెట్టడానికి 10 కిలోవాట్లు కావలసిన ఇల్లు ఒకటి తీసుకుందాం. తేడా 31 డిగ్రీలు, కాబట్టి ప్రతి డిగ్రీకి ఆ ఇల్లు 320 వాట్లు పోగొట్టుకుంటోంది. బయట 8 డిగ్రీలున్నప్పుడు దానికి కావలసింది 4.2 కిలోవాట్లే. చలి పెరిగితే ఈ గీత పైకి పోతుంది. ఒకే వేగంతో తిరిగే మామూలు మూడు టన్నుల హీట్ పంప్ 8 డిగ్రీల దగ్గర 10.5 కిలోవాట్ల వేడి ఇస్తుంది, మైనస్ 8 దగ్గర ఆరుంపావుకు పడిపోతుంది. దీని గీత కిందికి వస్తుంది. రెండు గీతలూ కలిసే చోటును సమతూక ఉష్ణోగ్రత అనవచ్చు. ఈ ఇంటికి అది మైనస్ 3. అంతకన్నా చలి పడితే పంపు ఒక్కటే చాలదు. ఆ లోటు పూడ్చడానికి డక్టులో కరెంటు తీగచుట్టలు పెడతారు. గీజర్‌లో ఉండే కాయిల్ లాంటివే. రాబడి నిష్పత్తి ఒకటి. మైనస్ 10 దగ్గర ఈ ఇంటి పంపు 5.8 కిలోవాట్ల వేడికి 2.6 కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది, లోటు 4.2 కిలోవాట్లు తీగచుట్టలు నేరుగా లాగుతాయి. మొత్తం 6.8.

తీగచుట్టలకు పని పడేది మైనస్ 3 దిగువనే కాదు. బయట ఒకటో రెండో డిగ్రీలు, సన్నటి చినుకు ఉన్న తెల్లవారుజామున బయటి యూనిట్ దగ్గర నిలబడి చూడండి. సన్నని అల్యూమినియం రెక్కల మధ్య తెల్లగా మంచు పేరుకుని గాలికి దారి మూసుకుపోతూ ఉంటుంది. కాసేపటికి ఫ్యాను ఆగుతుంది, వాల్వు తిరిగిన చప్పుడు వస్తుంది, రెక్కల నుంచి ఆవిరి లేచి అడుగున నీళ్ళు కారతాయి. ఆ కొద్ది నిమిషాలు యంత్రం ఇంట్లోని వేడినే తీసుకొచ్చి బయట మంచు కరిగిస్తోంది. గదుల్లోకి చల్లగాలి రాకుండా ఆ సమయంలో తీగచుట్టలు వెలుగుతాయి. ఇది మామూలే, సహించదగ్గ నష్టం. సహించరానిది వేరే ఉంది: రాత్రి థర్మోస్టాట్ బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచే అలవాటు. ఫర్నెస్ ఉన్న ఇంట్లో అది పొదుపు. హీట్ పంప్ ఉన్న ఇంట్లో ఉదయం ఆరింటికి తీగచుట్టలు పూర్తిగా అంటుకుని, రాత్రంతా మిగిలింది అంతటినీ గంటలో తినేస్తాయి. ఈ సంగతి బిగించినవాళ్ళు చెప్పని ఇళ్ళు ఎక్కువ.

ఒక్క ఇంటి 6.8 కిలోవాట్లు గ్రిడ్‌కి పట్టవు. అలాంటి ఇళ్ళు పది లక్షలైతే 6,800 మెగావాట్లు, అదీ ఒకే ఉదయం, ఒకే గంటలో. అదే పది లక్షల ఇళ్ళలో ముందు గాలి కారే సందులు మూసి, అటకమీద ఇన్సులేషన్ వేసి, వేడి నష్టం 30 శాతం తగ్గించి, చలిదేశాల కోసం చేసిన వేగం మారే పంపు పెడితే? ఇంటికి 7 కిలోవాట్ల వేడి చాలు. తీగచుట్టల పని లేదు. రాబడి నిష్పత్తి 2.5 అనుకుంటే 2.8 కిలోవాట్ల కరెంటు. రెండు దారుల మధ్య తేడా 4,000 మెగావాట్లు. రామగుండం ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం మొత్తం కలిపి 2,600.

గ్రిడ్ ఆ గంటను తట్టుకోలేకపోతే ఏమవుతుందో కొలతలు ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. టెక్సస్‌లో పదింట ఆరిళ్ళు కరెంటుతోనే వేడి చేసుకుంటాయి, వాటిలో చాలావాటికి తీగచుట్టలే ఆధారం. గిరాకీ పెరిగిన ఆ వేళకే గ్యాస్ బావులు, పైపులు, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టాయి. గ్రిడ్ నిర్వాహకులు 20,000 మెగావాట్ల సరఫరా తెంచేశారు. 45 లక్షలకు పైగా ఇళ్ళు, దుకాణాలు చీకట్లోకి వెళ్ళాయి. మొత్తం గ్రిడ్ కుప్పకూలడానికి మిగిలిన వ్యవధి 4 నిమిషాల 37 సెకన్లు. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలో మృతులు 246 మంది. న్యూజెర్సీ ఉన్న పీజేఎం గ్రిడ్‌లో 2022 డిసెంబర్ 24న దాదాపు 47,000 మెగావాట్ల ఉత్పత్తి అందకుండా పోయింది. అందులో 70 శాతం గ్యాస్ కేంద్రాలది. ఇది విని ఫర్నెస్సే నయమనుకుంటే అదీ కుదరదు. ఫర్నెస్ బ్లోయర్‌కి, ఇగ్నైటర్‌కి కరెంటు కావాలి. కరెంటు పోయిన ఇంట్లో గ్యాస్ పైపు నిండుగా ఉన్నా అది వెలగదు.

ఇక గాలిలోకి పోయేది. ఈ ఇంటికి న్యూవార్క్ చలికాలం మొత్తానికి సుమారు 20,000 యూనిట్ల వేడి కావాలి. 95 శాతం ఫర్నెస్ అయితే 21,000 యూనిట్లకు సరిపడా గ్యాస్, అమెరికా బిల్లు భాషలో 720 థెర్మ్‌లు, మండిస్తుంది. థెర్మ్‌కి 5.3 కిలోల చొప్పున ఏడాదికి 3.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్. పద్దెనిమిదేళ్ళకు 68 టన్నులు. హీట్ పంప్ సీజన్ సగటు రాబడి 2.8 అయితే 7,150 యూనిట్ల కరెంటు పడుతుంది. అమెరికా గ్రిడ్ 2023లో యూనిట్‌కి సగటున 0.37 కిలోలు వదిలింది, కాబట్టి 2.6 టన్నులు. రాబడి రెండుకు పడిపోతే 3.7 టన్నులు, ఫర్నెస్‌తో సరిసమానం. సరిగ్గా లెక్క వెయ్యకుండా తగిలించిన పంపు, తీగచుట్టల మీద నడిచే పంపు, వాతావరణానికి చేసే మేలు సున్నా.

కానీ ఈ రెండు సంఖ్యలూ ఒకేలా ముసలివవు. 2005లో అదే గ్రిడ్ యూనిట్‌కి దాదాపు 0.6 కిలోలు వదిలేది. పద్దెనిమిదేళ్ళలో 0.37కి దిగింది. డేటా సెంటర్ల గిరాకీ పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ వేగం నిలుస్తుందన్న భరోసా లేదు కనుక సగం వేగమే తీసుకుందాం. అప్పటికీ 2044 నాటికి 0.24 దగ్గరికి వస్తుంది. ఇంట్లో ఒక్క స్క్రూ ముట్టుకోకుండానే పంపు వాటా 1.7 టన్నులకు తగ్గుతుంది. ఫర్నెస్ 2044లోనూ 3.8 దగ్గరే ఉంటుంది.

గ్యాస్ లెక్కలో పొగగొట్టం బయట ఉన్న భాగం ఇంకోటి. సహజవాయువు అంటే చాలావరకు మీథేన్. బావి నుంచి బర్నర్ దాకా వచ్చే దారిలో కొంత కారిపోతుంది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అమెరికాలో ఆ వాటాను 2.3 శాతమని తేల్చింది. ప్రభుత్వ అంచనా కన్నా అది చాలా ఎక్కువ. ఇరవై ఏళ్ళ కాలంలో చూస్తే కిలో మీథేన్ 80 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడి పట్టి ఉంచుతుంది. మన ఇంటి ఫర్నెస్ ఏడాదికి కాల్చేది 1.4 టన్నుల మీథేన్. అందులో 2.3 శాతం అంటే 32 కిలోలు, అంటే ఇంకో రెండున్నర టన్నులు. నూరేళ్ళ కాలంలో చూస్తే ఇది ఒక టన్నుకు తగ్గుతుంది. ఏ కాలాన్ని ఎంచుకోవాలన్నది శాస్త్రం ఒక్కటే తేల్చే విషయం కాదు, కానీ ఫర్నెస్ ఆయుర్దాయం ఇరవై ఏళ్ళ లోపు కనుక నాకు ఇరవయ్యే సబబనిపిస్తుంది. అమెరికా కరెంటులో నలభై శాతానికి పైగా గ్యాస్ నుంచే వస్తోంది కాబట్టి ఈ కారుడులో కొంత వాటా హీట్ పంప్‌కీ చెందుతుంది. అదీ ఒప్పుకోవాలి.

హీట్ పంప్‌కి సొంతంగా ఒక కారుడు ఉంది. గొట్టాల్లో తిరిగే రిఫ్రిజిరెంట్‌ని మన ఏసీ మెకానిక్‌లు గ్యాస్ అంటారు. ఇంధనం కాదు, మండించేది కాదు. ఇన్నాళ్ళూ వాడిన ఆర్-410ఏ కిలో బయటికి పోతే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇంటి యంత్రంలో మూడున్నర కిలోలు ఉంటే, అదంతా పోయిన రోజున 7.3 టన్నులు. పంపు ఏడాదికి మిగిల్చింది 1.2 టన్నులు. రాగి గొట్టం చివర వేసిన ఒక నాసిరకం ఫ్లేర్ జాయింటు ఆరేళ్ళ మిగులును ఊదిపారేస్తుంది. అమెరికాలో 2025 నుంచి కొత్త యంత్రాలకు ఈ సంఖ్య 700 దాటకూడదు. ఇప్పుడు వస్తున్న ఆర్-454బికి 466, ఆర్-32కి 675. పెద్ద మెరుగుదలే. వేసవికి ఏసీ ఉన్న ఇంట్లో ఈ ప్రమాదం ఫర్నెస్ పెట్టుకున్నా తప్పదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. అమెరికా సగటున గ్యాస్ థెర్మ్ దాదాపు డాలరున్నర, కరెంటు యూనిట్ పదహారున్నర సెంట్లు అనుకుంటే, ఫర్నెస్ ఇచ్చే ఒక యూనిట్ వేడి 5.4 సెంట్లు. పంపు రాబడి 3.8 అయితే 4.3 సెంట్లు, 2.5 అయితే 6.6. మళ్ళీ అదే విస్తృతి. కరెంటు ఖరీదైన మసాచుసెట్స్ లాంటి చోట పంపు ఓడవచ్చు. అమెరికాలో 2022లో వచ్చిన ఒక చట్టం కింద హీట్ పంప్‌కి 2,000 డాలర్ల దాకా పన్ను రాయితీ ఉండేది. 2025 డిసెంబర్ 31తో అది ముగిసింది. విధానాలు ఊగిసలాడితే అమ్మకాలు ఎలా పడతాయో జర్మనీ చూపించింది: 2023లో 3,56,000 పంపులు, 2024లో 1,93,000.

అమెరికాలో 2022లో 43 లక్షల హీట్ పంపులు అమ్ముడయ్యాయి, మొదటిసారి గ్యాస్ ఫర్నెస్‌లను దాటి. ఆ ఏడాదే ఫర్నెస్‌లు 39 లక్షలు. సగటు ఇల్లు మన ఉదాహరణ కన్నా తక్కువ వాడుతుందనుకుని ఏడాదికి రెండున్నర టన్నులే వేసినా, ఆ ఒక్క ఏడాది అమ్మిన ఫర్నెస్‌లు 2040 లోపు వదిలేది 17.5 కోట్ల టన్నులు. 2023 అమ్మకాలు వేరే, 2024వి వేరే. 2023 నుంచి 2024కి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదిలక్షల్లో 3.5 వంతులు పెరిగింది. 1957లో కొలతలు మొదలయ్యాక ఒక్క ఏడాదిలో ఇంత ఎన్నడూ పెరగలేదు.

జనవరి రాత్రిని తప్పించుకునే దారి ఒకటి ఇంటి వెనకే ఉంటుంది. ఏసీ పాడయ్యేది జులైలో. ఏసీకీ హీట్ పంప్‌కీ లోపల ఉన్న ముఖ్యమైన తేడా ఆ మళ్ళింపు వాల్వు, దాని నియంత్రణ. ఏసీ మార్చవలసి వచ్చినప్పుడు దాని స్థానంలో హీట్ పంప్ పెట్టి, ఉన్న ఫర్నెస్‌ను బతికినంతకాలం తోడుగా ఉంచితే, సమతూక ఉష్ణోగ్రత పైన పంపు, కింద ఫర్నెస్ పనిచేస్తాయి. న్యూవార్క్‌లో చలికాలపు గంటల్లో అధికభాగం మైనస్ 3కి పైనే. తీగచుట్టలు అక్కర్లేదు, గ్రిడ్ మీద ఆ ఉదయపు భారం పడదు, ఫర్నెస్ చచ్చిన రోజున ఇల్లు పూర్తిగా చల్లబడదు. అన్నిటికన్నా, ఇల్లు కొలిచే వ్యవధి దొరుకుతుంది. తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి గాలి బయటికి లాగుతూ, స్విచ్‌బోర్డుల దగ్గర, అటక మూత చుట్టూ అగరువత్తి పట్టుకుంటే పొగ ఎక్కడ వంగుతుందో అక్కడ సందు ఉన్నట్టు. ముందు అది మూయాలి, తర్వాతే పంపు సైజు.

ఏసీకి పన్నెండేళ్ళు దాటిన ఇంట్లో ఈ పని మార్చి, ఏప్రిల్ నెలల్లో చేయించుకోవడం మేలు. అప్పటికి చలికాలపు గ్యాస్ బిల్లులు చేతిలో ఉంటాయి. నెలకి ఎన్ని థెర్మ్‌లు కాలాయో ఫర్నెస్ సామర్థ్యంతో గుణించి, 29.3తో యూనిట్లుగా మార్చి, ఆ నెల గంటలతోనూ, లోపలికీ బయటికీ ఉన్న సగటు డిగ్రీల తేడాతోనూ భాగిస్తే ఇల్లు డిగ్రీకి ఎన్ని కిలోవాట్లు పోగొట్టుకుంటోందో ఉజ్జాయింపుగా తేలుతుంది. దాన్ని సైజు లెక్కకు తీసుకునే డిగ్రీల తేడాతో గుణిస్తే ఇంటికి కావలసిన కిలోవాట్లు వస్తాయి. సేల్స్‌మన్ పాత ఫర్నెస్ మీది స్టిక్కర్ చూసి చెప్పే సైజును ఆ సంఖ్య పక్కన పెట్టి చూడవచ్చు.